సాక్ష్యం విలువ ఒక పెన్నీ

రెండో మంగళవారం. ‘నాగలి’ సత్రం పైగది.
కింద పీపాల మధ్య ఎవడో నవ్వుతున్నాడు,
ఆ నవ్వు నేలచెక్కల సందుల్లోంచి
బీరు వాసనతో పాటు పైకొస్తోంది.
ఇదే మా న్యాయస్థానం.
సంత రోజుల్లో ఇక్కడ గొర్రెల బేరగాళ్లు పడుకుంటారు.

నేను గుమాస్తాని. పేరు అడక్కండి,
ఈ పుస్తకంలో ఊరందరి పేర్లూ ఉన్నాయి, నాది తప్ప.
పెద్దబాతు ఈక చెక్కి, గడ్డకట్టిన సిరాను
చంకలో పెట్టుకుని కరిగించి
తేదీ వేశాను:
ఫిబ్రవరి తొమ్మిది, పద్దెనిమిది వందల నలభై ఏడు.

మొదటి కేసు, జాబెజ్ అప్‌టన్, పదకొండేళ్లు,
ఆదివారం చర్చి వేళ గోలీలాట. మందలింపు.
రెండోది, ఎవరి పందో ఎవరి తోటలోనో.
వాయిదా. పంది హాజరు కాలేదు.
మూడోది, కెజయా స్ట్రాడ్లింగ్, వితంతువు.
వయసు నలభై అంది,
కాసేపాగి, నలభై రెండేమో అంది.
నలభై అనే ఉంచాను.
కొట్టివేతలు రెక్టారుగారికి గిట్టవు.

నేరం: కంచె కర్ర ఒకటి పీకుట.

కానిస్టేబుల్ ఓబడయా ప్రాట్ దాన్ని బల్ల మీద పెట్టాడు.
మూరెడు పొడవు. ఒక కొస బొగ్గు.
“పొయ్యిలో మండుతుండగా పట్టుకున్నానండి,
నీళ్లు పోసి ఆర్పి తెచ్చాను.”
పొయ్యి మీద ఏముందని ఎవరూ అడగలేదు.
నిజాయితీపరుడు, తనే చెప్పాడు:
“టర్నిప్ దుంపలండి. సగం ఉడికాయి.
వాటిది వేరే కేసు కావచ్చు.”

కంచె రెక్టారుగారి బావమరిదిది.
ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు,
అందుకే ఎవరూ అనలేదు.

“చెప్పుకునేది ఏమైనా ఉందా?”
“ఆ కంచె లేనప్పుడు అక్కడ మా నాన్న ఆవు మేసేదండి.
బటన్ అని పిలిచేవాళ్లం. ఎడమ కొమ్ము వంకర.”
“సంబంధం లేని మాట.”
సంబంధం లేని మాటలకు నా పుస్తకంలో గడి లేదు.
కంచె చేను మేసిందని అంటారు,
మా ఊరి కంచె ఆవును కూడా మేసింది.

కర్ర విలువ: ఒక పెన్నీ.
జరిమానా: రెండు షిల్లింగులు.
ఖర్చులు: ఏడున్నర షిల్లింగులు.
సమను రాసినందుకు, ప్రమాణం చేయించినందుకు,
ఇదిగో ఇదంతా ఎక్కించినందుకు
అందులో మూడు నావి.
కట్టలేకపోతే పద్నాలుగు రోజులు జైలు.
“పద్నాలుగు రోజులివ్వండి,” అంది కెజయా,
కొట్లో చవకదేదో చూసి ఏరుకున్నట్టు.

కలం ఇస్తే గుప్పిట్లో పట్టుకుంది, గరిటెలా.
రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి,
కంచె కర్రలు అడ్డంగా కట్టినట్టు.
పక్కన నేను రాశాను: ఈమె గుర్తు.

మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి
“కుండ కింద పెట్టమని మా చిన్నదానికి చెప్పండి,
చల్లారాక కూడా దానికి భయమే,” అంది.
ఎవరితో అందో తెలియలేదు గనక
ఎవరమూ చెప్పలేదు.

తలుపు మూశాక చలి తెలిసింది.
సత్రం కుర్రాడు నిప్పు ఎగదోయడానికి వచ్చాడు.
బుట్టలో కట్టెల్లేవు.
అటూ ఇటూ చూసి, బల్ల మీది కర్ర తీసి
చలిమంటలో పడేశాడు.
తడిది కదా, ముందు బుసకొట్టింది,
గదంతా పొగ, రెక్టారుగారికి దగ్గు,
తర్వాత ఉన్నట్టుండి అంటుకుంది.

ఓబడయా చూశాడు. నోరు తెరిచి,
టోపీ సర్దుకుని, మూసుకున్నాడు.
రెక్టారుగారు చేతులు చాచారు.
నేను కూడా, ఎందుకు దాచాలి,
కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాను.

నాలుగో కేసు. ఉచ్చులో కుందేలు.
మీరెప్పుడైనా ఆ పేజీ తిరగేస్తే గమనించండి,
అక్కణ్ణుంచి నా దస్తూరి బాగుంటుంది.
వేళ్లు వెచ్చబడ్డాయి.